పాత ఇంటి కప్పుకు కొత్త కప్పు కలపడం: జహీరాబాదు ప్రాంతం

ఉన్న ఇంటిని ఆనుకొని గది, వంటిల్లు, వసారా వంటివి పెంచినప్పుడు కొత్త భాగం మీది కప్పును పాత కప్పు అంచుకు చేర్చాల్సి వస్తుంది. రెండు కప్పులూ కలిసే చోటును మేస్త్రీలు అతుకు అంటారు. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు పట్టణంలోనూ, చుట్టూ ఉన్న కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్, మొగుడంపల్లి మండలాల ఊళ్లలోనూ ఇల్లు ఒక్క విడతలో పూర్తయ్యేది తక్కువ. ముందు రెండు గదులు లేస్తాయి. కొడుకు పెళ్లికి ఇంకో గది పడుతుంది. చెరుకు డబ్బులు చేతికొచ్చిన ఏడు ముందర రేకుల వసారా వస్తుంది. అలా ఒకే ఇంటి నెత్తిన రెండు మూడు కాలాల కప్పులు పక్కపక్కన ఉంటాయి. వానాకాలం వస్తే ముందుగా ఉరిసేది వాటి నడుమనున్న అతుకే.

ఉరిసే అతుకును చూడగానే అందరి నోటా వచ్చే మాట సిమెంటు చాలలేదని. నిజానికి అతుకు చెడేది మొదట పునాది వల్ల, ఆ తర్వాత నీటి వాటం తప్పడం వల్ల. సిమెంటు వంతు చివరిది. ఈ వరస తెలియక ఏటా మే నెలలో అవే పగుళ్లలో అదే సిమెంటు నింపుకునే ఇళ్లు ఊరూరా కనిపిస్తాయి.

నేల, రాయి, కప్పుల చరిత్ర

జహీరాబాదు హైదరాబాదుకు వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో 65వ జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంది. 1956 దాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలోని బీదర్ జిల్లా తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో నిర్ణా సర్కిల్ మినహా ఈ తాలూకా మెదక్ జిల్లాలో కలిసింది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు సంగారెడ్డి కిందికి వచ్చింది. అదే 1956లో గుల్బర్గా జిల్లా నుంచి తాండూరు తాలూకా కూడా తెలుగు రాష్ట్రంలోకి వచ్చింది. ఇళ్ల సంగతి మాట్లాడేటప్పుడు ఈ పాత ఎల్లలు పనికొస్తాయి. ఎందుకంటే ఇక్కడి కట్టుబడికి ముడిసరుకు బీదర్, గుల్బర్గా, తాండూరు వైపు నుంచే వచ్చింది.

బీదర్ పీఠభూమి మీద ఎర్రటి, బొరియల బొరియల లేటరైట్ రాయి పరుచుకొని ఉంటుంది. పదిహేనో శతాబ్దంలో బహమనీలు కట్టిన బీదర్ కోట కందకాన్ని ఈ రాతిలోనే తొలిచారు. తవ్వి తీసేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడటం దీని గుణం. గోడకు మంచిదే కానీ నీటిని పీల్చుకుంటుంది. అందువల్ల ఈ రాతి గోడల పాత ఇళ్లలో కప్పు అతుకు చెడితే నీరు సరిగ్గా అక్కడే కారదు. గోడలోపలే దిగి, ఎక్కడో కిటికీ పక్కన చెమ్మగా తేలుతుంది. పైగడ్డన ఎర్రమొరం ఉంటే పల్లంలో నల్లరేగడి ఉంటుంది. ఒకే ఊళ్లో రెండు వీధుల తేడాతో నేల గుణం మారిపోవడం ఈ ప్రాంతంలో మామూలు.

కప్పుల వరసలో అన్నిటికన్నా పాతవి దూలాలు, దంతెల మీద మట్టి పరిచిన మిద్దెలు, వాసాల మీద నేసిన గూన పెంకుల ఇళ్లు. షాబాదు, తాండూరు గనుల సున్నపురాయి పలకలుగా చీలుతుంది కాబట్టి, దూలాల మీద ఆ బండలే పరిచి సందుల్లో సున్నం నింపిన కప్పులూ ఉన్నాయి. బెంగుళూరు పెంకులని మనం పిలిచే పలక పెంకుల తయారీ 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ కర్మాగారంతో మొదలైంది. సిమెంటు రేకులను 1946లో హైదరాబాదులో మొదలైన కంపెనీ చార్మినార్ పేరుతో ఇంటింటికీ చేర్చింది. స్లాబు పల్లెల్లోకి పెద్దఎత్తున వచ్చింది ప్రభుత్వ గృహ పథకాలతో. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది, 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది, 2024 మార్చిలో తెలంగాణలో 5 లక్షల రూపాయల సాయంతో కొత్త ఇందిరమ్మ ఇళ్లు మొదలయ్యాయి. ఈ చివరి పథకంలో ఇంటి విస్తీర్ణం 400 నుంచి 600 చదరపు అడుగులు. కుటుంబం పెరిగితే అది చాలదు. కాబట్టి ఈ ప్రాంతంలో కప్పు కలిపే పని ఎక్కువగా ఈ చిన్న స్లాబు ఇళ్ల పక్కనే జరుగుతోంది, ఇక ముందూ జరుగుతుంది.

అతుకు ఎందుకు విడుతుంది

పాత ఇల్లు కట్టి పదేళ్లయితే దాని బరువుకు నేల దిగాల్సినంత దిగిపోయి ఉంటుంది. పక్కన కొత్తగా వేసిన పునాది మాత్రం ఇంకా దిగడం మొదలుపెట్టాలి. ఐదారు మిల్లీమీటర్లు దిగినా సరే, రెండు కప్పులనూ బిగించి కట్టేసి ఉంటే ఆ తేడా అంతా అతుకు దగ్గరే పగులుగా తేలుతుంది. ఎర్రమొరం మీద ఈ దిగుబాటు కొద్దిగా ఉండి, తొందరగా ఆగిపోతుంది. రేగడి సంగతి వేరు. దానిలోని మాంట్‌మోరిల్లనైట్ అనే బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఈ కదలిక సుమారు 3.5 మీటర్ల లోతు వరకు ఉంటుంది. రెండు మూడు అడుగుల లోతులో వేసిన గది పునాది వానాకాలంలో లేచి ఎండాకాలంలో దిగుతూ ఉంటే, దాని మీది కప్పు పాత కప్పుతో కలిసి ఉండాలనుకోవడం అత్యాశ. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన, అడుగున గంట ఆకారంలో వెడల్పయ్యే పైల్ పునాది ఇలాంటి నేలల కోసమే. ఒక్క గది కోసం అంత ఖర్చు పెట్టేవారు తక్కువ. కనీసం కొత్త పునాదిని పాత పునాది లోతుకు దించి, గుంతలో రేగడి తీసేసి మొరం నింపి, గోడ చుట్టూ నీళ్లు నిలవకుండా చప్టా వేసినా సగం గండం గడుస్తుంది. మరో జాగ్రత్త కూడా ఉంది. కొత్త గుంత తవ్వేటప్పుడు పాత పునాది అడుగుకన్నా కిందికి పోతే పాత గోడే కదులుతుంది.

రెండో కారణం కాంక్రీటు ముడుచుకోవడం. భారత ప్రమాణం ఐ.ఎస్. 456 లెక్కకు తీసుకోమనే ముడుత 0.0003. నాలుగు మీటర్ల కొత్త స్లాబు ఆరే క్రమంలో ఒక మిల్లీమీటరుకు పైగా పొట్టిదవుతుందన్నమాట. పాత స్లాబు ఆ పని ఎప్పుడో ముగించుకొని ఉంటుంది. అందుకే రెండిటి మధ్య ఎంత బాగా పూసినా వెంట్రుకవాసి గీత పడుతుంది. ఇది పనితనం లోపం కాదు, పదార్థం గుణం.

మూడోది ఎండ. కాంక్రీటు ఒక్కో డిగ్రీకి మీటరుకు 0.01 మిల్లీమీటరు చొప్పున సాగుతుంది. రాత్రికీ మిట్టమధ్యాహ్నానికీ స్లాబు వేడిలో 30 డిగ్రీల తేడా ఉంటే పది మీటర్ల స్లాబు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. గాలి వేడి 42 డిగ్రీలున్న రోజున స్లాబు పైభాగం వేడి 60కి దగ్గరపడుతుంది. ఈ కదలిక రోజూ జరిగేది. పగుల్లో నింపిన గట్టి సిమెంటు ఒక్క ఎండాకాలం కూడా నిలవకపోవడానికి అసలు కారణం ఇదే. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇంట్లో వేడి తగ్గించడం కోసమే అయినా, తెల్ల పూత వేసిన స్లాబు తక్కువ వేడెక్కుతుంది కాబట్టి అతుకు మీద ఒత్తిడీ తగ్గుతుంది.

ఇక నీరు. ఈ ప్రాంతపు వానలో ఎక్కువ భాగం జూన్–సెప్టెంబరు మధ్య నైరుతి రుతుపవనాల్లో పడుతుంది. 600 చదరపు అడుగుల పాత కప్పు మీద ఒక్క రాత్రి 50 మిల్లీమీటర్ల వాన పడితే 2,700 లీటర్లకు పైగా నీరు పారుతుంది. అందులో సగం వాటం కొత్త గది వైపు ఉంటే, ఆ పూట అతుకు మీదుగా పోయే నీరు 1,300 లీటర్ల పైమాటే. కొత్త గది కప్పు మీద పడే వాన దీనికి అదనం. కప్పు కలిపే పనిలో మొదట వేసుకోవాల్సిన ప్రశ్న రెండిటినీ ఎలా అతికించాలని కాదు, ఈ నీరు ఎటు పోవాలని.

స్లాబుకు స్లాబు

దీనికి మూడు దారులున్నాయి: రెండిటినీ ఒకే స్లాబుగా కట్టేయడం, కొత్త స్లాబు అంచును పాత గోడ మీద ఆనించడం, కొత్త దాన్ని దాని కాళ్ల మీదే విడిగా నిలబెట్టి నడుమ సందు వదలడం. ఎక్కువమంది అడిగేది మొదటిది, ఎక్కువగా జరిగేది రెండోది, ఎక్కువ ఇళ్లకు తగినది మూడోది.

ఒకే స్లాబుగా కట్టాలంటే పాత స్లాబు సలాకలు దొరకాలి. ముందుచూపున్నవాళ్లు స్లాబు పోసేటప్పుడే అంచున సలాకలు బయటికి వదులుతారు. వదిలినవి ఏళ్ల తరబడి వానకు తడిసి తుప్పు పట్టి సన్నబడతాయి. పెచ్చులూడేంత తుప్పున్న సలాకకు కొత్తది కట్టడం దండగ. పొడవు కూడా చాలాలి. ఎఫ్‌ఈ 500 రకం సలాకకు ఎం 20 కాంక్రీటులో పట్టు దొరకాలంటే దాని మందానికి సుమారు 57 రెట్ల పొడవు కావాలి. 8 మిల్లీమీటర్ల సలాకకు 45 సెంటీమీటర్లు, 10 మిల్లీమీటర్ల దానికి 57. వదిలిన ముక్క జానెడే ఉంటే అది కట్టినట్టు కనిపిస్తుందే గాని లాగదు. సలాకలు అసలే లేకపోతే పాత స్లాబు అంచును ఆ మేరకు చెక్కి లోపలివి బయటపెట్టాలి. లేదా బెజ్జాలు వేసి రసాయన గమ్ముతో కొత్త సలాకలు నాటాలి. నాటే ముందు బెజ్జంలోని దుమ్మును బ్రష్షుతో, గాలితో పూర్తిగా తీయకపోతే గమ్ము దుమ్మును పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు. ఈ పనిలో ఎక్కువ తప్పులు జరిగేది ఈ ఒక్క చోటే.

ఇంత చేసినా ఇంకో చిక్కు ఉంది, దీన్ని పట్టించుకునేవారు తక్కువ. పాత స్లాబు గోడ మీద ఊరికే ఆని ఉండేలా కట్టినది. దాని బలమంతా అడుగు సలాకల్లో ఉంటుంది. కొత్త స్లాబుతో కలిపి ఒకటే చేస్తే గోడ నెత్తిన స్లాబు పైభాగం లాగుడుకు లోనవుతుంది, అక్కడ పాత దానికి చాలినన్ని పైసలాకలు ఉండవు. ఫలితంగా సరిగ్గా గోడ మీదుగా, స్లాబు పైముఖాన పగులు వస్తుంది. నీరు దిగడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. కాబట్టి కలపడమే ఖాయమైతే ఆ గోడ మీద పైసలాకలు రెండు వైపులా పొడవుగా పోయేలా ఇంజినీరుతో లెక్క కట్టించాలి. పాత అంచును గరుకుగా చెక్కి, కడిగి, తడిపి, సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే కొత్త కాంక్రీటు పోయాలి. నేల ఎర్రమొరమై, రెండు పునాదులూ ఒకే లోతున ఉంటేనే ఈ దారి గురించి ఆలోచించడం మేలు.

రెండో దారిలో పాత గోడలో గాడి కొట్టి కొత్త స్లాబు అంచును అందులో దూరుస్తారు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో నాలుగంగుళాల గాడి పొడవునా ఒకేసారి కొడితే మీది పాత స్లాబు బరువంతా మిగిలిన ఐదంగుళాల మీద పడుతుంది. ముక్కలు ముక్కలుగా కొట్టి, ఒక్కోటీ పూర్తిచేసుకుంటూ పోవడం తెలిసిన సుతారులు చేసే పని. పాత గోడ ఒక కొసను పట్టుకొని ఉంటే కొత్త గోడ దిగుతున్నప్పుడు స్లాబు ఏటవాలుగా ఒరుగుతుంది, గాడి దగ్గర విడుతుంది. మట్టితో కట్టిన రాతి గోడలకు ఈ పద్ధతి అసలు పనికిరాదు.

సజ్జ మీద ఆనించడం ఇంకా ప్రమాదం. సజ్జ గాలిలో చాచి ఉండేది కాబట్టి దాని సలాకలు పైభాగాన ఉంటాయి. కొస కింద కొత్త గోడ లేపి ఆసరా ఇచ్చి, పైన బరువు పెడితే లాగుడు అడుగుకు మారుతుంది, అక్కడ సలాకే లేదు. ఆసరా ఇచ్చాం కాబట్టి మరింత గట్టిపడిందని ఇంటివాళ్లు అనుకుంటారు, జరిగేది దానికి తలకిందులు.

మూడో దారిలో కొత్త గదికి నాలుగు వైపులా తన పిల్లర్లో గోడలో తనకే ఉంటాయి. పాత గోడకూ దానికీ మధ్య 25 మిల్లీమీటర్ల సందు వదులుతారు. స్లాబు పోసేటప్పుడు ఆ సందులో థర్మకోల్ పలక నిలబెడితే కాంక్రీటు అందులో దిగదు. సందుకు రెండు వైపులా ఒక్కో స్లాబు అంచున 15–20 సెంటీమీటర్ల ఎత్తున చిన్న కట్ట లేపాలి. రెండు కట్టలనూ కప్పేలా పైన ఒక షాబాదు బండ పరచాలి. బండను ఒక కట్టకే సిమెంటుతో పట్టించాలి, రెండో కట్ట మీద అది ఊరికే ఆని ఉండాలి. రెండు ఇళ్లూ ఎలా కదిలినా బండ జారుతుందే తప్ప పగలదు, నీరు సందులోకి పోదు. కట్టలు వద్దు, డాబా అంతా ఒకే మట్టంగా ఉండాలంటే సందులో నురుగు తాడు దించి పైన పాలీసల్ఫైడ్ వంటి సాగే సీలెంటు నింపాలి, దాని మీద వదులుగా మడత పెట్టిన తారు పొర పరచాలి. సీలెంటును కొన్నేళ్లకోసారి మార్చుకోవాల్సిందే. షాబాదు బండకు ఆ బాధ లేదు, పైగా చవక.

సందు వదలడం వెనుక భూకంపం లెక్క కూడా ఉంది. పక్కపక్క కట్టడాలు వేర్వేరుగా ఊగి ఒకదాన్నొకటి గుద్దుకోవడం 1985 మెక్సికో సిటీ భూకంపంలో ఎన్నో భవనాలను దెబ్బతీసింది. కట్టడాల భూకంపరక్షణకు రాసిన ఐ.ఎస్. 4326 ఇలాంటి సందు మొత్తం 25 మిల్లీమీటర్లకు తగ్గరాదంటుంది. జహీరాబాదు తక్కువ ముప్పున్న మండలంలోనే ఉన్నా, 1993 సెప్టెంబరు 30న భూకంపం వేలమందిని పొట్టనబెట్టుకున్న మహారాష్ట్రలోని కిల్లారి ఇక్కడికి పడమటి దిక్కున వందకు కాస్త పై కిలోమీటర్లే.

ఏ దారిలో పోసినా కొత్త స్లాబుకు నీళ్లు పట్టడంలో కక్కుర్తి పడకూడదు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకైనా, ఎండపూట ఏ సిమెంటుకైనా కనీసం 10 రోజులు తడి ఉంచాలని ఐ.ఎస్. 456 చెబుతుంది. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింది పోట్లు 7 రోజుల దాకా, అంతకు మించితే 14 రోజుల దాకా తీయకూడదు.

స్లాబుకు రేకులు

జహీరాబాదు ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కలయిక ఇది. పాత స్లాబు ఇంటి ముందో వెనకో ఇనుప పైపులు నిలబెట్టి, సిమెంటు రేకులో ఇనుప రేకులో వేస్తారు. తేలిక కాబట్టి పునాది బెడద తక్కువ. తంటా అంతా రేకు గోడను తాకే చోట.

అక్కడ సాధారణంగా చేసేది రేకు కొస మీద సిమెంటు ముద్ద పెట్టి గోడకు చుట్టడం. గోడ కదలదు, రేకు రోజూ సాగి ముడుస్తుంది, గాలికి అదురుతుంది. ముద్ద తొలి వేసవికే నెర్రెలిస్తుంది. సరైన పద్ధతిలో గోడలో రెండు మూడు సెంటీమీటర్ల గాడి తీసి, వంచిన సన్న రేకుపట్టీ పై అంచును అందులో దూర్చి, గాడిని సీలెంటుతో మూస్తారు. పట్టీ గోడ మీద 15 సెంటీమీటర్లు దిగి, అక్కణ్నుంచి వంగి రేకు మీద మరో 15 సెంటీమీటర్లు పరుచుకోవాలి. కింది కొసను రేకుకు బిగించకూడదు. బెంగుళూరు పెంకుల ఇళ్లున్న కేరళలోనైనా, సీసపు పట్టీలు వాడే ఇంగ్లండులోనైనా సూత్రం ఇదే: మీది పొర గోడది, కింది పొర కప్పుది, రెండూ ఒకదాని మీదుగా ఒకటి జారాలి.

పాత స్లాబు గోడ దాటి అడుగున్నరో రెండడుగులో బయటికి వచ్చి ఉంటే పని మరీ సులువు. రేకు కొసను ఆ చూరు కిందికి దూర్చి, గోడకు వేలెడు ఎడం వదిలితే చాలు. వాన లోపలికి రాదు, గోడను తాకదు, పట్టీ ఖర్చు కూడా ఉండదు. అయితే ఎత్తు లెక్క ముందే చూసుకోవాలి. స్లాబు పది అడుగుల ఎత్తులో ఉంటే రేకు తొమ్మిదిన్నర దగ్గర మొదలై, పది అడుగుల పొడవుకు రెండడుగుల వాటంతో దిగి ఏడున్నర దగ్గర ఆగుతుంది, మనిషి తలకు తగలదు. లింటల్ మట్టపు సజ్జ కింద దూర్చాలనుకుంటే అది ఏడడుగుల దగ్గరే ఉంటుంది కాబట్టి ముందరి కొస ఐదడుగులకు వచ్చేస్తుంది. తల కాపాడుకోవడానికి వాటం తగ్గిస్తే, గాలివానలో నీరు రేకుల అతుకుల గుండా వెనక్కి ఎక్కుతుంది.

గాలి సంగతి చిన్నది కాదు. ఏప్రిల్, మే నెలల గాలిదుమారాలకు రేకులు లేచిపోవడం ఏటా జరిగేదే. కట్టడాల లెక్కలో హైదరాబాదుకు వాడే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. అంత వేగం చదరపు మీటరు మీద చూపే ఒత్తిడి సుమారు 118 కిలోల బరువుకు సమానం. సిమెంటు రేకు బరువు చదరపు మీటరుకు 15 కిలోలకు అటూఇటూ, ఇనుప రేకుది అందులో మూడో వంతు. మీద రాళ్లు, ఇసుక సంచులు, పాత టైర్లు పెట్టి నిలుపుదామనుకోవడం ఈ లెక్క ముందు నిలవదు. లేచిన రేకు కంటే ఎగిరిపడే రాయి మనుషులకు ఎక్కువ ప్రమాదం. రేకును పైపుకు జే బోల్టుతో, తారు వాషరుతో బిగించాలి. పైపు అడుగును కాంక్రీటు దిమ్మెలో పాతాలి. బోల్టు బెజ్జం ఎప్పుడూ రేకు గూని మీదే వేయాలి, నీరు పారే లోతులో కాదు.

సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. మన దేశంలో దీని వాడకం మీద నిషేధం లేదు గాని, చాలా దేశాలు నిషేధించాయి. పీల్చిన పోగు ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి నిలిచి క్యాన్సరుకు కూడా దారితీయగలదు. పాత రేకును కొత్త కొలతకు కోయడం, బెజ్జాలు వేయడం వంటివి నీళ్లు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకొని, పిల్లలకు దూరంగా చేయాలి. విరిగిన ముక్కలను వాకిట్లో పరిచి తొక్కడం మన ఊళ్లలో మానాల్సిన అలవాటు.

పెంకులు, మిద్దెలు

పెంకుల ఇంటికి వసారా పెంచడానికి పాత దారి అదే వాలును కిందికి సాగదీయడం. వాసాలకు కొత్త వాసాలు పక్కనుంచి జత చేసి, పెంకుల వరసను కొనసాగిస్తారు. పై వరస కింది వరసను కప్పుతుంది కాబట్టి అతుకే ఉండదు. పక్కకు, లంబంగా గది వేస్తే రెండు వాలులు కలిసే చోట లోయ ఏర్పడుతుంది. గోదావరి జిల్లాల మండువా ఇళ్లలో నాలుగు వాలులు లోపలికి దిగేచోట ఇలాంటి లోయలే నాలుగు ఉంటాయి. అక్కడి వడ్రంగులు వాటి కింద వెడల్పాటి రేకు కాలువ పరుస్తారు. లోయలో ఆకులు, పిట్టల గూళ్ల చెత్త పేరుకుంటే ఎంత మంచి కాలువైనా పొంగుతుంది. వానలకు ముందు ఎక్కి ఊడ్చడమే దానికి మందు.

మట్టి మిద్దెకు స్లాబు కలపడం చాలావరకు మానుకోవాల్సిన పని. 30 సెంటీమీటర్ల మందం మట్టి చదరపు మీటరుకు సుమారు అర టన్ను బరువు, దాన్ని మోసేది మట్టితో పేర్చిన రాతి గోడ. కిల్లారిలో ఇళ్లు అంతమందిని బలిగొన్నది ఈ కట్టుబడి వల్లే. కొత్త స్లాబు పనిలో గోడను అదిలిస్తే ముప్పు, కొత్త కప్పు నీరు మట్టి మీదికి మళ్లితే ఇంకా ముప్పు. పక్కన గది కావాలంటే రెండు మూడు అడుగుల ఎడంగా వేసి, నడుమ దారికి మాత్రం రేకు కప్పుకోవడం తెలివైన పని.

వాటం, వాస్తు, పక్కింటివారు

అతుకు ఎప్పుడూ ఎత్తయిన చోట ఉండాలి, రెండు కప్పుల నీరూ దానికి దూరంగా చెరో వైపు పారాలి. అది కుదరనప్పుడు కొత్త కప్పు పాత దానికన్నా కనీసం అరడుగు కిందికి ఉండాలి. అప్పుడు మీది నీరు కిందికి దూకుతుందే తప్ప సందును వెతకదు. రెండిటి నీరూ అతుకు దగ్గరికే వచ్చి చేరే ఏర్పాటు అన్నిటికన్నా చెడ్డది.

ఇక్కడ వాస్తు అడ్డు తగిలే సందర్భాలున్నాయి. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలని, కప్పు నీరు ఈశాన్యానికి పారాలని ఇంటివారు పట్టుబడతారు. గది తూర్పుకో ఉత్తరానికో పెంచితే దాని కప్పు దిగువనే ఉండాలి కాబట్టి వాస్తూ ఇంజినీరింగూ ఒకే మాట అంటాయి. పడమరకో దక్షిణానికో పెంచితే కొత్త కప్పు ఎత్తుగా లేచి, దాని నీరంతా పాత ఇంటి మీదికి వస్తుంది. పైగా నైరుతి గాలివాన కొట్టేది ఆ వైపు గోడనే. అలాంటప్పుడు ఎత్తు అడిగినట్టే ఇచ్చి, నీటిని మాత్రం పాత కప్పు మీదికి వదలకుండా అంచున కాలువ కట్టి గొట్టంతో కిందికి దించేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

జహీరాబాదు పట్టణంలో పెంచే భాగానికి పురపాలక సంఘం అనుమతి కావాలి. 2020లో వచ్చిన టీఎస్‌బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి నమోదు చేసుకుంటే చాలు. 600 చదరపు గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. వదలాల్సిన ఖాళీ జాగాలోకి గదిని పెంచితే మాత్రం ఆ ధ్రువీకరణే ఇంటివారి మెడకు చుట్టుకుంటుంది. చూరు నీటి తగాదాలకు 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ఉంది. ఇరవై ఏళ్లుగా అడ్డులేకుండా, హక్కుగా పక్కవారి జాగాలో పడుతున్న పాత చూరు నీటికి రక్షణ దొరకవచ్చు. ఆ హక్కు కొత్త కప్పు నీటికి దానంతటదే రాదు, పాత భారాన్ని పెంచే వీలూ లేదు.

పరీక్ష

స్లాబు అతుకు పని ముగిశాక తూములు మూసి, చుట్టూ మట్టికట్ట వేసి, రెండంగుళాల నీరు రెండు మూడు రోజులు నిలబెట్టాలి. లోపల చెమ్మ తేలిన చోటుకు సుద్దతో గుర్తు పెట్టాలి. రేకులకైతే నిలబెట్టే వీలు లేదు కాబట్టి గొట్టంతో కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి పోతూ ఒక్కో చోట కాసేపు నీరు కొట్టాలి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ ఉరుస్తోందో తెలియదు. పాత పగులు ఇంకా కదులుతోందా అన్నది తెలుసుకోవడానికి దాని మీద అడ్డంగా సన్న గాజుపట్టీ అతికించి తేదీ రాసి పెడతారు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచినా గాజు పగలకపోతే కదలిక ఆగినట్టు, అప్పుడు పగులును గట్టి పదార్థంతో మూయవచ్చు. పగిలితే మూయాల్సింది సాగే పదార్థంతో.

జూన్ వానలు రాకముందే ఈ పరీక్షలు ముగించుకోవాలి. మేస్త్రీకి చివరి విడత డబ్బు నీళ్ల పరీక్ష అయ్యాకే ఇస్తామని పని మొదలుపెట్టిన రోజునే చెప్పి పెట్టుకోవడం మంచిది.